ఘట్‌కేసర్‌లో జపాన్ కత్తియుద్ధం!

తెలుగు ప్రేక్షకుడు ఏనాడైనా బుద్ధిగా కూర్చుని సినిమా చూశాడా? హీరో తెరమీదికి రాగానే కాగితాలు ఎగరేస్తాడు. పాట మొదలైతే సీట్లోంచి లేచి తెర ముందుకు పోయి స్టెప్పేస్తాడు. ఫైటు జరుగుతుంటే పక్కసీటు వాడి భుజం మీద రెండు గుద్దులు పడాల్సిందే. "వెనకాలున్నాడు, చూస్కో!" అని హీరోకే హెచ్చరిక చేసే పెద్దమ్మలు ఏ ఊరి హాల్లోనైనా ఉంటారు. మనం ఇంత హడావుడి చేసినా, పాపం, తెర మాత్రం మన వంక కన్నెత్తి చూసింది లేదు. దాని పాటికి అది ఆడింది, మన పాటికి మనం అరిచాం.

ఆ ముచ్చట మారింది. మీరు చెయ్యి విసిరితే తెరమీద కత్తి విసురుతుంది. మణికట్టు తిప్పితే బంతి వంకర తిరుగుతుంది. ఇది కలా, కనికట్టా అనుకుంటున్నారా? రెండూ కాదు. దీని పేరు నింటెండో స్విచ్ 2. పుట్టిల్లు జపాన్. పుట్టినరోజు 2025 జూన్ 5. మొదటి నాలుగు రోజుల్లోనే ప్రపంచమంతా కలిపి 35 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. మొదట విడుదలైన దేశాల జాబితాలో మన దేశం పేరు లేదు. మరి ఘట్‌కేసర్‌కు ఎలా వచ్చిందంటారా? డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్న మా చిన్నాయన కొడుకు మూడు వారాల సెలవు మీద వస్తూ, చాక్లెట్లూ సెంటు సీసాల మధ్య బట్టల్లో చుట్టి మరీ తెచ్చాడు. సంగతి తెలియగానే ఉప్పల్ దాటి, నారపల్లి దాటి, ఆ ట్రాఫిక్కునంతా ఈదుకుంటూ వెళ్ళాను. రెండు ఆదివారాలు, మధ్యలో ఒక రాత్రి... చేతులు నొప్పి పుట్టేదాకా ఆడాను. ఆ కబుర్లే ఇవి.

పేకముక్కల కంపెనీ!

ముందు ఈ నింటెండో గారి జాతకం కొంచెం తెలుసుకోవాలి. 1889లో క్యోటో నగరంలో ఈ కంపెనీ పెట్టినప్పుడు అది తయారుచేసింది ఏమిటో తెలుసా? పేకముక్కలు! పూల బొమ్మలుండే జపాను పేకముక్కలు. అక్కణ్ణుంచి బొమ్మల మీదికి, బొమ్మల నుంచి వీడియో గేముల మీదికి వచ్చింది. ఎర్ర టోపీ, గుబురు మీసాల మారియో 1985లో 'సూపర్ మారియో బ్రదర్స్'తో ఇంటింటి చుట్టమయ్యాడు. మన ఇళ్ళకు కూడా వచ్చాడు. అయితే దొడ్డిదారిన! 1990లలో మన బజార్లలో దొరికిన వీడియో గేమ్ పెట్టెలు చాలావరకు ఆ జపాను పెట్టెకు నకళ్ళే. క్యాసెట్ మీద వేల ఆటలున్నాయని రాసుండేది. లెక్కపెడితే పదో పదిహేనో తేలేవి.

అదే మారియో 2023లో హాలీవుడ్ హీరో అయ్యాడు. 'ది సూపర్ మారియో బ్రదర్స్ మూవీ' ప్రపంచమంతటా 130 కోట్ల డాలర్లకు మించి వసూలు చేసింది. మన స్టార్లు కూడా కుళ్ళుకునే కలెక్షన్ కదూ!

ఆ పాత పెట్టెతో పాటు ప్లాస్టిక్ తుపాకి ఒకటి వచ్చేది, గుర్తుందా? గడ్డిలోంచి బాతులు ఎగురుతుంటే కాల్చేవాళ్ళం. పక్షి పడకపోతే కుక్క మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ 'డక్ హంట్' ఆట 1984 నాటిది. చాలామంది ఆ తుపాకిలోంచి ఏదో కిరణం బయటికి వస్తుందనుకునేవారు. నిజానికి తుపాకి ఏమీ పేల్చదు. చూస్తుంది! మీట నొక్కగానే తెర క్షణంలో చిన్న వంతు నల్లగా మారి, బాతున్న చోట మాత్రం తెల్లని గడి మెరుస్తుంది. తుపాకి గొట్టంలో ఉన్న కన్నుకు ఆ తెలుపు కనిపిస్తే బాతు పడ్డట్టే. పాతకాలపు లావుపాటి టీవీల్లోనే ఈ కిటుకు పనిచేసేది. ఇప్పటి పలక టీవీల ముందు ఆ తుపాకి గుడ్డిది. మన చేతి కదలికను ఆటలోకి రానిచ్చిన మొదటి చుట్టాల్లో అదొకటి.

డ్రైవర్ బ్రేకేస్తే...

స్విచ్ 2 చూడ్డానికి పెద్ద పలకలా ఉంటుంది. మధ్యలో 7.9 అంగుళాల తెర, అటూ ఇటూ రెండు పిడులు. ఈ పిడులనే జాయ్‌కాన్లు అంటారు. అయస్కాంతాలతో అతుక్కుని ఉంటాయి. మీట నొక్కి లాగితే టక్కున ఊడి చేతికొస్తాయి. పలకను దాని పీటలో నిలబెట్టి టీవీకి తగిలించి, తలా ఒక పిడి పట్టుకుంటే ఆట మొదలు.

ఇంతకీ మనం చెయ్యి ఊపినట్టు దానికెలా తెలుస్తుంది? ఘట్‌కేసర్ బస్సులో నిలబడి ప్రయాణం చేసినవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. డ్రైవర్ సడెన్ బ్రేక్ వేస్తే నిలబడ్డవాళ్ళంతా ముందుకు తూలతారు. బండి కదిలితే వెనక్కి తూలతారు. కళ్ళు మూసుకున్నా సరే, ఒళ్ళు ఎటు తూలిందన్నదాన్ని బట్టి బస్సు ఏం చేసిందో చెప్పెయ్యొచ్చు. జాయ్‌కాన్ లోపల కంటికి కనిపించనంత చిన్న చిప్పులో, సన్నని స్ప్రింగులకు వేలాడే ఒక నలుసు అచ్చం ఆ ప్రయాణికుడిలాగే తూలుతుంటుంది. అది ఎంత తూలిందో కొలిచి చెయ్యి ఎంత జోరుగా కదిలిందో లెక్క కడుతుంది. దాని పక్కనే ఉండే గైరోస్కోపు చెయ్యి ఎటు, ఎంత తిరిగిందో చెబుతుంది. సెల్‌ఫోన్ అడ్డం తిప్పగానే బొమ్మ తిరగడంలో ఉన్నదీ ఈ కిటుకే.

ఈ విద్యను ఇంటింటికీ తెచ్చినది ఇదే కంపెనీ వారి 'వీ'. 2006 నవంబరులో వచ్చి, మొత్తం మీద 10 కోట్ల 16 లక్షలు అమ్ముడుపోయింది. అప్పట్లో జనం ఆవేశంగా ఊపేస్తుంటే పిడి చేతిలోంచి జారి టీవీలకు తగులుతోందని గోలెత్తింది. మణికట్టుకు కట్టుకునే తాళ్ళు గట్టివి చేసి, 32 లక్షల తాళ్ళు మార్చి ఇస్తామని ఆ డిసెంబరులోనే కంపెనీ ప్రకటించింది. ఆ తర్వాత 2010లో మైక్రోసాఫ్ట్ వారి కినెక్ట్ వచ్చింది. చేతిలో ఏ పిడీ అక్కర్లేదు. కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ చుక్కలు గదంతా చల్లి, మన ఒంట్లోని 20 కీళ్ళను గుర్తుపట్టేది. మొదటి 60 రోజుల్లో 80 లక్షలు అమ్మి గిన్నిస్ పుస్తకానికెక్కింది. 2017లో తయారీ ఆగిపోయింది. మెరుపులా వచ్చి మాయమైన తారల కథలు మనకు కొత్తేమీ కాదుగా!

సినిమావాళ్ళ మోషన్ క్యాప్చర్ కూడా ఈ కుటుంబంలోదే. నటుడి ఒంటినిండా గుర్తులు అంటించి, చుట్టూ కెమెరాలు పెట్టి, ఆ గుర్తుల కదలికతో కంప్యూటర్ బొమ్మకు ప్రాణం పోస్తారు. 2014లో మన దగ్గర 'విక్రమసింహ'గా వచ్చిన 'కోచ్చడయాన్'లో రజనీకాంత్ నటించింది అలాగే. అక్కడ ఒళ్ళంతా లెక్క. జాయ్‌కాన్‌కు మాత్రం చెయ్యే లెక్క. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. తర్వాత పనికొస్తుంది.

అట్టకత్తి కూడా అక్కర్లేదు!

మొదట ఆడింది కత్తియుద్ధం. 2022లో వచ్చిన 'నింటెండో స్విచ్ స్పోర్ట్స్' అనే ఆటల గంపలో ఇదొకటి. పాత స్విచ్ కోసం చేసిందే, కొత్తదానిలోనూ ఆడుతుంది. దీని పేరు చాంబరా. జపాను భాషలో కత్తియుద్ధాల సినిమాలను అలాగే పిలుస్తారు. మనం జానపద చిత్రాలు అన్నట్టన్నమాట! అంటే ఆటకు పెట్టింది సినిమా పేరే.

నీళ్ళ మీద ఎత్తైన అరుగు. దానిమీద ఇద్దరు కత్తి వీరులు. ఎదుటివాడు కత్తి అడ్డంగా పట్టుకుంటే మనం అడ్డంగా కొట్టాలి. నిలువుగా పట్టుకుంటే నిలువుగా కొట్టాలి. అప్పుడే కాచుకున్న కత్తి పక్కనుంచి దెబ్బ దూరుతుంది. అలా కాక అతని కత్తికే తగిలిందో, మనమే నిశ్చేష్టులమై నిలబడిపోతాం. ఆ సందులో వాడు నాలుగు తగిలిస్తాడు. వెనక్కి వెనక్కి జరిగి అరుగు అంచు దాటితే... ధబ్! నీళ్ళలో స్నానం. కాబట్టి గుడ్డిగా చెయ్యి ఊపితే లాభం లేదు. ఎదుటివాడి చెయ్యి చూడాలి, ఆగాలి, సందు చూసి కొట్టాలి. దెబ్బ తగిలినప్పుడల్లా పిడి అరచేతిలో జుమ్మంటుంది. ఆ జుమ్మనడం లేకపోతే సగం మజా లేదు.

మా నాయనమ్మకు ఎనభై దగ్గర పడుతోంది. సోఫాలో కూర్చుని కాసేపు చూసింది.

"ఏందిరా గిది? ఉత్త చేతులు ఊపుతుండ్రు. కత్తి ఏది?"

"కత్తి టీవీల ఉన్నది నాయనమ్మా."

"గట్లనా! నాకు గూడ ఇయ్యి జర."

ఇచ్చాం. లేవలేదు. కూర్చున్నచోటనే, రోటి దగ్గర రోకలి పట్టినంత నిదానంగా పట్టుకుంది. మా తమ్ముడు హుషారుగా ఊపుతుంటే, ఈవిడ కత్తి నిలువుగా పట్టుకుని కదలకుండా కూర్చుంది. వాడు కొట్టడం, కత్తికే తగిలి బిగుసుకుపోవడం, ఈవిడ ఒకటి తగిలించడం! మూడు ఆటల్లో రెండు గెలిచింది. "కాంతారావు సినిమాలు ఎన్ని చూసిన్నో నీకేం తెలుసురా," అంది. విఠలాచార్య చిత్రాల్లో కత్తి కాంతారావు వీరవిహారం చూసిన తరానికి ఈ చాంబరా ఒక లెక్కా! ఘట్‌కేసర్‌కు అట్టే దూరంలో లేని నాచారంలోనేగా ఎన్టీఆర్ కుటుంబం వారి రామకృష్ణ హార్టికల్చరల్ స్టూడియో ఉన్నది! బాలకృష్ణ గారు తండ్రి జీవితకథను సినిమాగా 2018 మార్చిలో మొదలుపెట్టింది అక్కడే. వెండితెర వీరుల పక్క ఊళ్ళో ఉండి కత్తి తిప్పడం రాదంటే ఎలా?

చక్రాల కుర్చీలో బాస్కెట్‌బాల్

స్విచ్ 2 కోసమే పుట్టిన ఆట 'డ్రాగ్ ఎక్స్ డ్రైవ్'. 2025 ఆగస్టులో వచ్చింది. ముగ్గురేసి రెండు జట్లు, చక్రాల కుర్చీల్లో బాస్కెట్‌బాల్. కొత్త జాయ్‌కాన్ల పక్కభాగంలో కంప్యూటర్ మౌసుకు ఉన్నట్టు కన్ను ఉంటుంది. రెండు పిడులనూ రెండు తొడల మీద ఆనించి ముందుకు తోస్తే రెండు చక్రాలూ కదులుతాయి. ఒకటే తోస్తే కుర్చీ పక్కకు తిరుగుతుంది. బంతి వెయ్యాలంటే చెయ్యి పైకెత్తి మణికట్టు విరవాలి. అబ్బో, చెప్పినంత తేలిక కాదు! పది నిమిషాలకు భుజాలు పట్టేశాయి. నిజంగా ఆ కుర్చీలో ఆడేవాళ్ళ రెక్కల బలం ఏపాటిదో ఆ పది నిమిషాల్లో తెలిసొచ్చింది. 2019లో తాప్సీ నటించిన 'గేమ్ ఓవర్' చూశారుగా? అందులో కథానాయిక గేములు తయారుచేసే అమ్మాయి. చక్రాల కుర్చీలోనే ఉండి శత్రువుతో తలపడుతుంది. ఆ సినిమా నచ్చినవాళ్ళకు ఈ ఆట రుచి ఇంకాస్త తెలుస్తుంది. అయితే నలుగురు చుట్టాలు కూడినచోట ఇది నడవదు. నేర్చుకోవడానికి ఓపిక కావాలి. మావాళ్ళు పావుగంటకే 'మార్చెయ్' అన్నారు.

మార్చితే వచ్చింది 'మారియో కార్ట్ వరల్డ్'. ఒకేసారి 24 బండ్ల పందెం. పిడిని స్టీరింగులా పట్టుకుని అటూ ఇటూ వంచితే బండి తిరుగుతుంది. పిడితో పాటు మనిషి కూడా వంగుతాడు, అది వేరే సంగతి! మా చిన్నాయన మలుపు మలుపుకీ సోఫా మీదినుంచి పక్కకు ఒరిగిపోయాడు. దారి తప్పకుండా బండిని అదే పట్టి నిలిపే సౌకర్యం కూడా ఉండడంతో, జన్మలో గేము ముట్టని చిన్నమ్మ కూడా చివరిదాకా పందెంలో నిలబడింది. ఇంటిల్లిపాదికీ మొదట పెట్టాల్సిన ఆట ఇదే.

చెల్లె బ్యాడ్మింటన్

అన్నిటికన్నా ఎక్కువసేపు నడిచింది మాత్రం 'స్విచ్ స్పోర్ట్స్'లోని బ్యాడ్మింటన్. కారణం మా చెల్లె. ఇంటర్ రెండో సంవత్సరం. పదో తరగతి దాకా బడిలో రోజూ ఆడేది. జిల్లా పోటీలకు కూడా వెళ్ళొచ్చింది. ఇప్పుడు చదివే కాలేజీ నాలుగంతస్తుల భవనం, కింద బండ్ల పార్కింగు. ఒకప్పుడు వీళ్ళ కాలనీలో వల కట్టి ఆడుకున్న ఖాళీ ప్లాట్లు రెండూ ఇళ్ళైపోయాయి. మగపిల్లలు బండ్లేసుకుని ఎక్కడికో పోయి క్రికెట్ ఆడొస్తారు. ఈ పిల్ల రాకెట్ రెండేళ్ళుగా బీరువా మీద ఉంది.

పిడి చేతికి తీసుకుందో లేదో, మా అందరినీ వరసగా చిత్తు చేసింది. షటిల్ వచ్చే సరైన క్షణంలో కొడితే స్మాష్. మీట నొక్కి పట్టి మెల్లగా కొడితే వల దాటగానే అవతల రాలిపోయే డ్రాప్. కొంచెం ముందూ వెనకా అయితే షటిల్ వంకరపోతుంది. ఆ టైమింగు ఈ పిల్లకు మణికట్టులో ఉంది. రెండు గంటలు ఆడింది. మొహంలో ఆ వెలుగు చూసి చిన్నమ్మ నాతో మెల్లగా అంది: "రెండేండ్ల సంది దీన్ని గిట్ల చూడలే నాయనా."

నేను మెచ్చుకుంటే చెల్లె తల అడ్డంగా ఊపింది.

"ఉరికేది టీవీల బొమ్మ అన్నా, కొట్టేదే నేను. కాళ్ళకు పనే లేదు. బ్యాడ్మింటన్ అంటే కాళ్ళే కదా!"

చూశారా! పరిశ్రమ పండితులు పేజీల కొద్దీ రాసే విషయాన్ని ఒక్క మాటలో తేల్చేసింది. ఈ ఆటలో మన బొమ్మ షటిల్ దగ్గరికి తనంతట తనే పరుగెత్తుతుంది. మన వంతు విసురు మాత్రమే. నాయనమ్మ కూర్చుని గెలవగలిగింది, చిన్నమ్మ చీర కొంగు దోపుకుని నవ్వుతూ ఆడగలిగింది అంటే ఆ వెసులుబాటు వల్లే. తలుపు వేసిన హాల్లో, ఎవరూ చూడని చోట, ముప్పై ఏళ్ళ తర్వాత చిన్నమ్మ ఆట ఆడింది. దాన్ని తక్కువ చెయ్యకూడదు. కానీ నిజంగా ఆట తెలిసిన పిల్లకు అదే వెసులుబాటు వెలితి అయింది.

ఇక అసలు గొడవ ఖరీదు దగ్గర వచ్చింది. 2025లో విడుదలైనప్పుడు అమెరికాలో దీని ధర 450 డాలర్లు. మన లెక్కలో దాదాపు 40 వేల రూపాయలు. ఆటలు వేరే కొనాలి. మారియో కార్ట్ ఒక్కటే విడిగా 80 డాలర్లు. సినిమా టికెట్ 200 అనుకుంటే పెట్టె డబ్బుతోనే 200 సినిమాలు చూడొచ్చు! కూతురి సంబరం చూసి చిన్నాయన, "నువ్వు పొయ్యేటప్పుడు దీన్ని ఈడనే ఉంచి పో, పైసలిస్త," అన్నాడు కొడుకుతో. వాడు సరేనన్నాడు కూడా.

"వద్దు బాపూ," అంది చెల్లె. "గా పైసల్ల సగం కూడ వద్దు. ఉప్పల్ల కోర్టు ఉన్నది. పొద్దుమీకి ఒక గంట. నన్ను పోనియ్యి."

హాల్లో మాట లేదు. 40 వేలు ఇవ్వడానికి ఆలోచించని తండ్రికి ఆ ఒక్క గంట బరువైంది. "రాత్రి ఏడింటికి ఆ రోడ్డు మీద బస్సు దిగి ఒక్కదానివి ఎట్లొస్తవు?" ఆయన భయం ఆయనది. తప్పని ఎవరంటారు? చిన్నమ్మే అందుకుంది. "సింధు రోజూ యాభై ఆరు కిలోమీటర్లు పోయొచ్చిందట గద? ఉప్పల్ ఎంత దూరమని? వారం రోజులు నేను పోత దాని ఎంబడి." పి.వి. సింధు చిన్నతనంలో శిక్షణ కోసం రోజూ అంత దూరం తిరిగిందన్న సంగతి పేపర్లలో వచ్చినదే. 2016 రియోలో వెండి, 2019లో ప్రపంచ కిరీటం, టోక్యోలో కంచు... వీటన్నిటి వెనకా ఆ కిలోమీటర్లు ఉన్నాయి.

చిన్నాయన ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. "ఐతారం పోయి చూసొద్దాం, ఎవరున్నరో, ఏం టైమో," అన్నాడు. అంతవరకే. చెల్లె ఆ రాత్రే బీరువా మీది రాకెట్ దింపి దుమ్ము తుడిచింది.

కొనాలా, వద్దా?

కుర్రకారు అడిగేది ఇదే కనుక సూటిగా చెబుతాను. కత్తియుద్ధం, కారు పందెం రెండూ నూటికి తొంభై మార్కులు. బ్యాడ్మింటన్‌కు డెబ్బై. చక్రాల కుర్చీ ఆటకు కొత్తదనం కోసం అరవై ఐదు. నలుగురు కూడే ఇల్లయితే పండగే. ఒంటరిగా ఆడేవాడికి ఈ చెయ్యి ఊపుళ్ళు వారానికే మొహం మొత్తుతాయి. బయట దేశం నుంచి తెప్పించుకున్న పెట్టె చెడితే బాగుచేసే దిక్కెవరో ముందే అడిగి తెలుసుకోండి. ఆడేముందు ఫ్యాన్ ఎత్తు చూసుకోండి, మణికట్టు తాడు బిగించండి, టీపాయ్ పక్కకు జరపండి.

ఇంకొక్క మాట. ఎవరి ఇంట్లోనైనా ఇది కనిపిస్తే పిడి ముందు మీరు లాక్కోకండి. ఆ ఇంట్లో చాలా ఏళ్ళుగా ఏ ఆటా ఆడని మనిషి ఒకరుంటారు. ముందు వాళ్ళ చేతికివ్వండి. రెండో ఆటకల్లా వాళ్ళకేం కావాలో వాళ్ళే చెబుతారు.